పెద్ద మొహం ఎవరిది?

భద్రాచలంలో బ్రిడ్జి దగ్గర మహబూబ్ అలీకి ఫ్లెక్సీల దుకాణం ఉంది. బోర్డు మీద పేరు ఆయనదే గాని, ఆరేళ్ళుగా కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్లన్నీ చేసేది కూతురు మెహ్రీన్. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, సంతాపాలు, సర్పంచ్ ఎన్నికలు, ఏదొచ్చినా అరగంటలో ప్రూఫ్ తయారుచేసి వాట్సాప్‌లో పంపేస్తుంది. ఆయన ప్రింటింగ్ మిషన్ చూసుకుంటాడు, కర్రల ఫ్రేములు కొట్టిస్తాడు, మధ్యమధ్య కూతురి కుర్చీ వెనక నిలబడి వంకలు పెడతాడు.

ఆ వంకలు ఎక్కువగా మొహాల సైజు గురించే. ఫ్లెక్సీలు రాకముందు ఆయన సినిమా హాళ్ళకు గుడ్డ బ్యానర్లు రాసేవాడు. నిచ్చెన ఎక్కి ముందుగా హీరో కళ్ళు వేసి, అవి కుదిరాకే మిగతా బొమ్మ ముట్టుకునేవాడు.

"బస్సుల పోయేటోడు మూడు సెకన్లు చూస్తడు బేటా. గంతసేపట్ల ఒక్క మొహమే కండ్లల్ల పడ్తది. ఒకటి పెద్దగ పెట్టు, మిగిలినోళ్ళను కింద గుండ్రాలల్ల పెట్టు" అనేవాడు. ముప్పై ఏళ్ళ పనితనం మాట్లాడుతుంటే మెహ్రీన్ కూడా ఎదురు చెప్పేది కాదు.

జనవరి చివర ఒక సోమవారం సారపాక నుంచి షాలేమ్‌రాజు వచ్చాడు. పేపరు మిల్లులో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. షిఫ్టు లేని ఆదివారాల్లో, దోస్తు సుకుమార్ ఫోన్‌తో, తెలిసినవాళ్ళనే నటుల్ని చేసి ఒక సినిమా తీశాడట. యాభై నిమిషాలు. పేరు 'ఆరో నంబర్ గది'. వచ్చే ఆదివారం సారపాకలో ఒక ఫంక్షన్ హాల్లో రెండు షోలు వేస్తున్నారు. మిల్లు సెంటర్లో కట్టడానికి ఒక పెద్ద ఫ్లెక్సీ కావాలి.

"కథేంది?" అని అడిగింది మెహ్రీన్.

"వరదొచ్చినప్పుడు జనాన్ని స్కూల్ల పెడ్తరు గదా మేడం. ఆరో నంబర్ గదిల ఐదు కుటుంబాలు. నాలుగు రోజులు. గంతే."

"హీరో ఎవరు?"

షాలేమ్‌రాజు గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. "ఫొటోలు ఆర్టిస్టులే తెచ్చిస్తరు మేడం. మీరే చూసి మంచిగ పెట్టుండ్రి" అని, చాయ్ తెప్పిస్తున్నా ఆగకుండా బండెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే రూప్లా వచ్చాడు. బ్రిడ్జికి అటూ ఇటూ షేర్ ఆటో నడిపే మనిషి. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఆటో మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డ ఫొటో.

"చెల్లె, గిది పెట్టు. పెద్దగ."

"సినిమాల కళ్ళద్దాలున్నయా అన్నా?"

"లెవ్వు. వరదల కళ్ళద్దాలేంది? కానీ హీరో అన్నంక ఉండాలె గదా" అన్నాడు రూప్లా. "నేను ఆటోను కట్ట మీద ఇడిసిపెట్టి వచ్చి గదిల ఉంట. గంటకోసారి పోయి చూసొస్త. ఆటో మునుగుతదా, దక్కుతదా, సినిమా మొత్తం గదే టెన్షన్. మా పెద్దమ్మ ద్వాలి గూడ ఉన్నది గని, ఆమెది కోళ్ళ కామెడీ. చిన్నది."

ఆయన ఆటో మలుపు తిరిగిందో లేదో నాగలత వచ్చింది. సారపాకలో ఆమె టిఫిన్ బండి తెలియనివాళ్ళు లేరు. పట్టుచీరలో తీయించుకున్న ఫొటో తెచ్చింది.

"మెహ్రీన్, నువ్వు ఆడపిల్లవు, నీకైతే అర్థమైతది. నీళ్ళొస్తుంటే అందరు బట్టలు, కాగితాలు మోసుకొస్తరు. నేను గ్రైండర్ మోసుకొస్త. గదిల పనిచేసే స్విచ్ బోర్డు ఒక్కటే. ఫోన్లు చార్జింగ్ పెట్టాల్నా, నా గ్రైండర్ తిరగాల్నా? కథంత దాని సుట్టే. నా మొహం పెట్టకుంటే సినిమా ఏందో ఎవలకు తెలుస్తది?"

మధ్యాహ్నం బస్సు దిగి ఆదాము వచ్చాడు. మిల్లులో రిటైరై ఎనిమిదేళ్ళయింది, చర్చిలో పెద్ద. చెప్పులు గుమ్మం బయటే వదిలి, "వందనాలమ్మా" అంటూ లోపలికొచ్చి కూర్చున్నాడు.

"నేను పెద్ద మొహం కోసం రాలేదు బిడ్డా. చర్చిల పెద్దగ ఉన్నోణ్ణి, నాకు గా ఆశ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిపోదామని వచ్చిన. గదిల ఎవరి ఫోన్ ఎప్పుడు చార్జింగ్ పెట్టాలెనో బోర్డు మీద రాసి, క్లాస్ లీడర్ లెక్క నడిపించేది నేను. సినిమా మొదలయ్యేది నా మొహం మీద. అయిపోయేది నా మొహం మీద." కంప్యూటర్ వైపు చూసి, "ఫొటో గిట్ల తేలేదు. కావాలంటే గిప్పుడు తీసుకోవచ్చు" అని చొక్కా కాలరు సర్దుకున్నాడు.

మెహ్రీన్ ఫొటో తీసుకుని ఆయన్ని పంపించింది. తర్వాత షాలేమ్‌రాజుకు ఫోన్ చేసింది. "షిఫ్టు దిగంగనే ఇటు రా. సినిమా పెన్‌డ్రైవ్‌ల ఏసుకొని రా."

మూడింటికి అతను వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. మెహ్రీన్ మూడు ఫొటోలూ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూపించింది. "వీళ్ళల్ల మెయిన్ ఎవరు?"

"కోపం చెయ్యకుండ్రి మేడం." అతను రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "నలుగురికీ చెప్పిన, నువ్వే మెయిన్ అని. రూప్లాకు, నాగలతక్కకు, ఆదాము అంకుల్‌కు, ద్వాలమ్మకు. లేకుంటే ఆదివారం ఎవరొస్తరు మేడం? ఒకాయనకు ఆటో గిరాకీ, ఒకామెకు బండి, ఒకాయనకు చర్చి."

"అంటే అబద్ధం చెప్పినవు."

"అబద్ధం కాదు" అన్నాడు షాలేమ్‌రాజు, మొదటిసారి తలెత్తి. "ఎవరి సీన్ తీసేటప్పుడు వాళ్ళే మెయిన్ అని నాకు నిజంగనే అనిపించింది. పక్కరోజు ఇంకొకరి సీన్ తీస్తుంటే వాళ్ళనిపించిండ్రు. నేనేం జెయ్యాలె?"

వెనక మిషన్ దగ్గర నుంచి మహబూబ్ అలీ పెద్దగా నవ్వాడు. "సినిమా పెట్టు బేటా. మెయిన్ ఎవరో నేను చెప్త. బొమ్మ చూస్తే నాకు తెల్వదా?"

ముగ్గురూ కంప్యూటర్ ముందు చేరారు. సినిమా మొదలైంది. తడిసిన మూటలతో జనం గదిలోకి వస్తున్నారు. మొదటి పది నిమిషాలు మెహ్రీన్‌కు కొంచెం విసుగే పుట్టింది. ఎవరిని పట్టుకుని చూడాలో తెలియలేదు. ఒకరి మీద మనసు నిలిచేలోపు ఇంకొకరు మాట్లాడుతున్నారు. ఆదాము బోర్డు మీద పేర్లు రాస్తున్నాడు. నాగలత గ్రైండర్ ప్లగ్గు చేతిలో పట్టుకుని క్యూలో నిలబడింది. రూప్లా తడిసి వచ్చి, ఆటో చక్రాలు మునిగాయని చెప్పి మళ్ళీ పరిగెత్తాడు. మూలన ద్వాలి ఒక గంప మీద దుప్పటి కప్పి, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. గంప కిందేముందని ఎవరడిగినా "బట్టలు" అంటోంది.

అంతలో ఒక సీన్ వచ్చింది. ఆదాము గట్టిగా పేర్లు చదువుతుండగా గంపలోంచి కోడి కొక్కొరించింది. గదిలో ఉన్న పందొమ్మిది మందీ ఒక్కసారి తలలు తిప్పారు. ఏ మూల నుంచి వచ్చిందో తెలియక ఒకరు కిటికీ వైపు, ఒకరు తలుపు వైపు, ఒకరు పక్కవాడి కడుపు వైపు చూశారు. ద్వాలి మాత్రం తలెత్తి ఫ్యాను చూసింది. మెహ్రీన్‌కు నవ్వాగలేదు. ఆ తర్వాత విసుగు గుర్తే రాలేదు. ఆటో ఏమవుతుందో, గ్రైండర్ ఎప్పుడు తిరుగుతుందో, కోళ్ళు ఎప్పుడు బయటపడతాయో, మూడింటి కోసమూ ఒకేసారి ఎదురుచూస్తున్నానని ఆమెకు చివర్లో తెలిసింది. నాలుగో రోజు అందరూ ఫోన్లు పీకేసి గ్రైండర్‌కు కరెంటు ఇచ్చారు. ద్వాలి దుప్పటి కింద నుంచి ఏడు గుడ్లు తీసింది. వరండాలో గుడ్డు దోసెలు కాలుతుంటే సినిమా అయిపోయింది.

"ఎట్లుంది సార్?" అని మహబూబ్ అలీని అడిగాడు షాలేమ్‌రాజు.

"మంచిగనే తీసినవు. హీరో ఏడి?"

"అందరు సార్."

"అందరు అంటే ఎవరు లేనట్టే" అన్నాడు మహబూబ్ అలీ. "సినిమా చూసేటోడు కొత్త ఊరికి వచ్చినట్టు. ఒకరు చెయ్యి పట్టుకొని తిప్పాలె. నీ సినిమాల నేను ఎవరి చెయ్యి పట్టుకోవాలె?"

"జాతర్ల తప్పిపోయిన పిల్లగానివా అబ్బాజాన్, చెయ్యి పట్టుకోనీకి?" అంది మెహ్రీన్. "వరదప్పుడు మన సందుల ఒక్కరా ఉన్నది? మన డాబా మీద నాలుగిండ్లోళ్ళు లేరా? ఎవరు మెయిన్?"

"నేనే. డాబా నాది గదా."

"అన్నం వండింది అమ్మీ."

"డాబా లేకుంటే ఎక్కడ వండుతది?" అంటూ ఆయన మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ విషయం మీద తండ్రీ కూతుళ్ళు సాయంత్రం దాకా విడతలు విడతలుగా వాదించుకున్నారు.

డిజైన్ మాత్రం కుదరలేదు. రూప్లాను పెద్దగా పెడితే ఆటో యూనియన్ ఫ్లెక్సీలా ఉంది. నాగలతను పెడితే కొత్త టిఫిన్ సెంటర్ ప్రారంభోత్సవంలా ఉంది. ఆదామును పెడితే, సంతాపం అనుకుంటారేమోనని భయమేసి వెంటనే తీసేసింది. ద్వాలి బొమ్మను సినిమాలోంచి తీసుకుని, నలుగురినీ సమానంగా వరసలో పెట్టి చూసింది. ఒకే రోజు పుట్టిన నలుగురికి శుభాకాంక్షలు చెబుతున్నట్టుంది.

బుధవారం పొద్దున సినిమాను మళ్ళీ పెట్టుకుని, కోడి కొక్కొరించిన చోట ఆపింది. ఆ ఒక్క ఫ్రేమును బయటికి తీసి, ఇరవై అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు కొలతలో పరిచింది. పందొమ్మిది మంది, పందొమ్మిది దిక్కులు. ఫోన్‌తో తీసినా మొహాలు తేటగానే ఉన్నాయి. పైన పేరు, కింద తేదీ, టైము. ఇంకేమీ పెట్టలేదు. మధ్యాహ్నం ప్రూఫ్ షాలేమ్‌రాజుకు పంపితే, అతను సినిమా గ్రూపులో పెట్టాడు. అందరూ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఒక్కరూ పలకలేదు.

గంటలో ముగ్గురూ రూప్లా ఆటోలోనే కలిసి దిగారు.

"నా మొహం రేగుపండంత ఉన్నది చెల్లె!" అన్నాడు రూప్లా. "మా ఇంట్లోళ్ళకు వేలు పెట్టి చూపియ్యాలె."

"నీదన్న కనిపిస్తున్నది" అంది నాగలత. "నేను తలుపు దిక్కు తిరిగిన. నాది ఉత్త కొప్పే!"

ఆదాము నెమ్మదిగా, "నా చేతిల చాక్‌పీసు మంచిగ వచ్చింది. మొహానికి మాత్రం ఎవరిదో మోచెయ్యి అడ్డమొచ్చింది" అన్నాడు.

వాళ్ళ వెనకే షిఫ్టు దిగి మిల్లు యూనిఫాంలో షాలేమ్‌రాజు వచ్చాడు. మెహ్రీన్ అతని వైపు చూసి, "నువ్వే చెప్పు" అంది. ఇక తప్పదని అతను చెప్పేశాడు, నలుగురితోనూ ఒకే మాట చెప్పానని.

 ముగ్గురూ ఒక్కసారే అందుకున్నారు.

"తొమ్మిది ఆదివారాలు బండి బంద్ పెట్టి వచ్చినరా నేను!" అంది నాగలత.

"నాకు క్లైమాక్స్ నాదే అన్నవు గదా!" అన్నాడు రూప్లా.

"ప్రార్థన నడుమల లేచి వచ్చిన నీ కోసం" అన్నాడు ఆదాము. తిట్టడంలో వాళ్ళ ముగ్గురికీ ఎంత పొత్తు కుదిరిందంటే, ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందిస్తున్నారు. షాలేమ్‌రాజు తల వంచుకుని అన్నిటికీ "అవ్, అవ్" అంటున్నాడు.

చివరికి ఆదాము అడిగాడు. "ద్వాలికి గూడ చెప్పినవా?"

"చెప్పిన అంకుల్."

"ఏమన్నది?"

"'నేనెందుకు మెయిన్ అయిత? మెయిన్ కోళ్ళు. వాటికి బువ్వ పెట్టు' అన్నది."

ముందు నాగలత నవ్వింది. రూప్లా ఆపుకోబోయి ఆగలేక గోడకు ఆనుకున్నాడు. ఆదాము కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మహబూబ్ అలీ అందరికీ చాయ్ చెప్పాడు. చాయ్ అయ్యేసరికి నాగలత బొమ్మను మరోసారి దగ్గరగా చూసి, "కొప్పు మంచిగనే ఉన్నది లే. పూలు పెట్టుకున్న గదా ఆరోజు" అంది. రూప్లా మాత్రం వెళ్ళేముందు, "జర కళ్ళద్దాలన్న పెట్టు చెల్లె, కంప్యూటర్‌ల" అని అడిగి చూశాడు. మెహ్రీన్ ఒప్పుకోలేదు.

గురువారం మధ్యాహ్నం సారపాక సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. మహబూబ్ అలీ తనే వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. కట్టడం అయ్యాక కూతుర్ని రోడ్డవతలికి తీసుకెళ్ళి నిలబెట్టాడు. కొత్తగూడెం బస్సు ఒకటి వెళ్ళింది. ఎవరూ తల తిప్పలేదు. మణుగూరు బస్సు వెళ్ళింది. కిటికీ పక్కన ఒకాయన చూసి ఆవులించాడు.

"చూసినవా?" అన్నాడు మహబూబ్ అలీ. ఆ గొంతులో గెలిచిన సంతోషం కంటే కూతురి మీద జాలే ఎక్కువ ఉంది. "మూడు సెకన్లు బేటా."

మెహ్రీన్ కళ్ళు చిట్లించి చూసింది. నిజంగానే అక్కడి నుంచి చూస్తే ఫ్లెక్సీ సంతలో జనం గుంపులా ఉంది. 

రెండు దాటాక మిల్లు షిఫ్టు వదిలారు. బండ్లు, సైకిళ్ళు రోడ్డు నిండా వచ్చాయి. ఒకతను బండి స్లో చేసి, కాలు కింద పెట్టి, ఫ్లెక్సీ వైపు మెడ సాచాడు. "అగో, గా కిటికీ కాడున్నది మా వదినె గాదురా?" అన్నాడు. వెనకున్నవాడు దిగి దగ్గరికి నడిచాడు. "మీ వదినె కాదు, పక్కనున్నది మా బావ!" ఇంకో ఇద్దరు ఆగారు. సైకిల్ వాళ్ళు ఆగారు. పందొమ్మిది మందికీ సారపాకలో చుట్టాలున్నారు, పక్కింటివాళ్ళున్నారు. ఒక్కొక్కరు ఒక్కో మొహం మీద వేలు పెట్టి పేరు చెబుతుంటే, మిగతావాళ్ళు కాదని, అవునని వాదిస్తున్నారు. "గీ ముసలామె పైకి ఎందుకు చూస్తున్నది?" అని ఎవరో అడిగితే, "ఆదివారం వస్తే తెలుస్తది" అన్నాడు రూప్లా. ఆటో పక్కకు ఆపి ఆయన అప్పటికే గుంపు మధ్యలో ఉన్నాడు.

మహబూబ్ అలీ రోడ్డు దాటి వెళ్ళాడు. గుంపు వెనక కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి, "మొహాలు చిన్నగుంటే దగ్గరికొస్తరు" అన్నాడు, ఆ సంగతి ముప్పై ఏళ్ళ కిందటే తెలిసినట్టుగా.

ఆదివారం రెండింటికి మొదటి షో. హాలు కిటికీలకు పాత ఫ్లెక్సీలు కట్టి చీకటి చేశారు. తెర కోసం తెల్ల ఫ్లెక్సీ గుడ్డ మహబూబ్ అలీ ఊరికే ఇచ్చాడు. కుర్చీలు సరిపోక సగం మంది నిలబడ్డారు. ద్వాలి ముందు వరసలో కూర్చుని, కోడి కొక్కొరించినప్పుడల్లా పక్కవాళ్ళకు దాని పేరు చెప్పింది. గ్రైండర్ తిరగగానే ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆటో బురదలోంచి బయటికొచ్చినప్పుడు ఆటోవాళ్ళు ఈలలేశారు. ఒక చోట నవ్వు ఎడమ పక్క మొదలై కుడి పక్కకు వచ్చేది, మరో చోట వెనక నుంచి ముందుకు. హాలంతా ఒకేసారి నవ్వింది కోడి దగ్గరొక్కటే.

షో అయ్యాక బయట చాయ్ దగ్గర వాదన మొదలైంది. టిఫినామెదే సినిమా అని ఒకరన్నారు. ఆమె లేకున్నా నడుస్తుంది, పేర్లు రాసే పెద్దాయన లేకుంటే నడవదని మరొకరన్నారు. "ఒక్కణ్ణి పట్టుకొని తీస్తే ఇంకా బాగుండు, గజిబిజైంది" అని ఒక కుర్రాడు మొహం మీదే చెప్పాడు. షాలేమ్‌రాజు అది కూడా శ్రద్ధగా విన్నాడు. రూప్లా పక్కన నిలబడి ఎవరో ఫొటో తీసుకున్నారు. ఆయన జేబులోంచి నల్ల కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు.

మెహ్రీన్ తండ్రి కోసం వెతికింది. ఆయన షాలేమ్‌రాజును పక్కకు పిలిచి ఏదో అడుగుతున్నాడు.

"వెనక గోడ కాడ ఒకామె ఉన్నది గదా. మాటల్లేవు. ఒక్కటే దుప్పటి మడత పెడ్తది, ఇప్పుతది, మళ్ళ మడత పెడ్తది. ఎవరామె?"

"సుకుమార్ వాళ్ళమ్మ సార్, సవరమ్మ. ఆర్టిస్టు కాదు. మాకు అన్నం తెచ్చి, గదిల జాగ ఉంటే కూసున్నది. గట్లనే వచ్చేసింది సినిమాల."

"దుప్పటి ఎవరికిచ్చింది ఆఖరికి?"

షాలేమ్‌రాజు ఆలోచించాడు. "ఏమో సార్. నేను చూడలే."

"తీసినోనివి నువ్వే చూడకపోతే ఎట్ల?" అన్నాడు మహబూబ్ అలీ. నాలుగింటి షోకు జనం అప్పుడే లోపలికి వెళ్తున్నారు.

"అబ్బాజాన్, ఇంటికి పోదామా?" అంది మెహ్రీన్.

"నువ్వు పో బేటా. నేను నాగలతను చూసుకుంట కూసున్న, ఆ దుప్పటామెను సరిగ్గ చూడలే" అని ఆయన గబగబా లోపలికి వెళ్ళి, తెరకు దగ్గరగా, వెనక గోడ బాగా కనిపించే వైపు ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మెహ్రీన్ ఒక నిమిషం గుమ్మంలో నిలబడి, దుపట్టా సర్దుకుని, ఆయన పక్క కుర్చీలోకి వెళ్ళింది.